అమావాస్యకు ఆగిపోయే వేబ్రిడ్జి కంప్యూటర్: ఒక సర్వీస్ కేసు

నేపథ్యం

అనంతపురం జిల్లాలో 44వ నంబరు జాతీయ రహదారి పక్కన ఉన్న ఒక వేబ్రిడ్జిలో, అంటే లారీలను తూచే కాటాలో, జరిగిన కేసు ఇది. ఊరు, యజమాని పేరు, మెషిన్ బ్రాండు రాయడం లేదు. పగలూ రాత్రీ నడిచే కాటా. సీజన్‌లో చీనీకాయల లోడ్లు, వేరుశనగ బస్తాలు, మిగతా కాలమంతా రాయి. లారీ కాటా ఎక్కగానే తూకం ఇండికేటర్ (అంకె చూపే పరికరం) మీద పడుతుంది. అక్కడి నుంచి 9 పిన్నుల సీరియల్ కేబుల్ మీదుగా కంప్యూటర్‌లోకి వస్తుంది. ఆపరేటర్ బండి నంబరు కొట్టి చీటీ తీస్తాడు. కంప్యూటర్ చెడిపోయినా తూకం వేయొచ్చు, కానీ చేత్తో రాసిన చీటీని సరుకు కొనేవాళ్లు ఒప్పుకోరు. అందుకే ఆ డబ్బా ఆగిందంటే కాటా ఆగినట్టే.

మెషిన్ బెంగళూరు నుంచి తెచ్చిన రీఫర్బిష్డ్ (పాతదాన్ని బాగుచేసి అమ్మిన) ఆఫీసు డెస్క్‌టాప్, 6వ తరం ప్రాసెసర్. అంతకు ముందున్న అసెంబుల్డ్ కంప్యూటర్‌లో మదర్‌బోర్డు పోయినప్పుడు, ఒక టెక్నీషియన్ దాని హార్డ్‌డిస్క్‌ను ఉన్నదున్నట్టు ఎస్‌ఎస్‌డీలోకి (కొత్త రకం డిస్కు) క్లోన్ (నకలు) చేసి ఇందులో పెట్టాడు. మంచి ఆలోచనే. కాటా సాఫ్ట్‌వేర్‌కు యూఎస్‌బీ డాంగిల్ (ఇది గుచ్చి ఉంటేనే సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుంది), లైసెన్సు ఉన్నాయి. విండోస్ కొత్తగా వేస్తే ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీ మనిషి బెంగళూరు నుంచి రావాలి, ఇండికేటర్‌తో మళ్లీ కలపాలి, చార్జీ కట్టాలి. క్లోనింగ్ వల్ల ఆ ఖర్చంతా తప్పింది. కానీ ఆ రోజు ఆ టెక్నీషియన్ బయోస్‌లో (విండోస్ కంటే ముందు లేచే, బోర్డులోనే ఉండే ప్రోగ్రాం) ఏం మార్చాడో ఎక్కడా రాసిపెట్టలేదు.

సమస్య

కొన్ని ఉదయాలు కంప్యూటర్ ఆన్ చేస్తే నల్ల స్క్రీన్ మీద బూట్ డివైస్ లేదని వస్తుంది. కొన్నిసార్లు నీలం స్క్రీన్. మిగతా రోజుల్లో శుభ్రంగా నడుస్తుంది. నన్ను పిలిచే నాటికి చాలామంది చెయ్యి పెట్టారు. ఒకరు ర్యామ్ తుడిచారు, ఒకరు ఎస్‌ఎంపీఎస్ (బోర్డుకు కరెంటు ఇచ్చే పెట్టె) మార్చారు, ఇంకొకరు సాటా కేబుల్ (డిస్కును బోర్డుకు కలిపేది) మార్చి ఎస్‌ఎస్‌డీ కూడా కొత్తది పెట్టమన్నారు. ఫార్మాట్ తప్ప దారి లేదని ఒకరు తేల్చేశారు. బెంగళూరు చార్జీ గుర్తొచ్చి యజమాని ఒప్పుకోలేదు. ఆ మొండితనమే డేటాను కాపాడింది.

వీళ్లలో ఒక కుర్రాడికి మాత్రం కిటుకు తెలుసు. వచ్చి ఎఫ్2 నొక్కి బయోస్‌లో ఏవో రెండు మార్చి, సేవ్ చేసి వెళ్లేవాడు. మెషిన్ లేచేది. మళ్లీ పోయినప్పుడు మళ్లీ వచ్చేవాడు. మార్చిన సెట్టింగు తనంతట తానే ఎందుకు వెనక్కి పోతోందని అతను అడగలేదు, అతన్ని అడిగినవాళ్లూ లేరు.

నాకు పనికొచ్చిన మాట చెప్పింది రాత్రి డ్యూటీ ఆపరేటర్.

"అమావాస్య వచ్చిందంటే చాలన్నా, ఇది సచ్చి కూర్చుంటాది."

యజమాని అతన్ని కసిరాడు. "సార్ ముందర ఏంటికిరా ఆ మాటలు" అని. కానీ రోజూ ఆ మెషిన్ ముందు కూర్చునే మనిషి అది ఎప్పుడు చెడిపోతుందో చెబుతుంటే నేను కొట్టిపారేయను. ఎందుకు చెడిపోతుందన్న దాంట్లో అతను తప్పు కావచ్చు. ఎప్పుడు అన్నది మాత్రం అతను కళ్లతో చూసినది.

చీటీల కట్ట

అతని మాట నిజమో కాదో తేల్చుకోవడానికి ఈవెంట్ లాగ్ (విండోస్ రాసుకునే చిట్టా) తెరవాల్సిన పని కూడా పడలేదు. టేబుల్ కింద పాత చీటీల ఆఫీస్ కాపీలు కట్టలు కట్టి ఉన్నాయి. చీటీ నంబర్లు వరుసగా ఉన్నాయి, తేదీలే అక్కడక్కడా తప్పాయి. వరుసగా వస్తున్న తేదీల మధ్యలో ఉన్నట్టుండి 2016 జనవరి 1 అని పడింది. కొన్ని చీటీల తర్వాత ఎవరో చూసుకుని తేదీ సరిచేశారు. అలాంటి చోట్లు చాలానే కనిపించాయి. ఒకసారి ఆ తప్పు తేదీ చీటీ చూసి రాయి కొన్నవాళ్లు లోడు దించుకోలేదట, మళ్లీ కాటా వేయించాల్సి వచ్చిందట.

తేదీ వెనక్కి పోయిందంటే బోర్డు మీది గడియారానికి కరెంటు అందలేదన్నమాట. గోడకున్న పంచాంగం క్యాలెండర్ దించి, తప్పు తేదీకి ముందూ వెనకా ఉన్న చీటీలతో పోల్చాను. ఆపరేటర్ చెప్పింది చాలావరకు నిజం. ఎక్కువ చోట్ల అమావాస్య మర్నాడే. కొన్ని మాత్రం కుదరలేదు. వాటి గురించి అడిగితే లైన్ పనుల కోసం పొద్దంతా కరెంటు తీసిన రోజులని పెద్ద గుమాస్తా గుర్తుచేశాడు.

రెండింటికీ ఉమ్మడిగా ఉన్నది ఒకటే. అమావాస్యకు కాటాకు సెలవు. పొద్దున పూజ చేసి, గుమ్మడికాయ కొట్టి, మెయిన్ దించి వెళ్తారు. మిగతా రోజుల్లో కంప్యూటర్ షట్‌డౌన్ చేసినా ప్లగ్‌లో కరెంటు ఉంటుంది, కరెంటు పోయినా యూపీఎస్ కాసేపు లాగుతుంది. ప్లగ్‌లో కరెంటు ఉన్నంతసేపు ఎస్‌ఎంపీఎస్ బోర్డుకు 5 వోల్టుల స్టాండ్‌బై సరఫరా ఇస్తూనే ఉంటుంది, గడియారం దానితోనే నడుస్తుంది. బోర్డు మీది బటన్ సెల్ చచ్చిపోయినా అలాంటి రోజుల్లో ఎవరికీ తెలియదు. సరఫరా పూర్తిగా ఆగిన రోజే దాని సంగతి బయటపడుతుంది.

ఇక్కడ ఒక చిన్న మాట. ఈ తరం బోర్డుల్లో సెట్టింగులు చాలావరకు ఫ్లాష్ చిప్‌లోనే ఉంటాయి, సెల్ పోతే గడియారం మాత్రమే పోవాలి. అయినా గడియారానికి కరెంటు తెగిందని తెలియగానే భద్రత కోసం డిఫాల్ట్ (కంపెనీ మొదట పెట్టిన) సెట్టింగులు వేసుకునే ఫర్మ్‌వేర్లు (బయోస్ ప్రోగ్రాములు) ఉన్నాయి. ఇది ఆ రకం. రీఫర్బిష్ చేసినవాళ్లు పైన తుడిచి పాలిష్ పట్టారు గానీ సెల్ మార్చినట్టు లేదు. దానికి తోడు రేకుల గది, మే నెల ఎండ. వేడికి సెల్ ఇంకా తొందరగా ఖాళీ అవుతుంది.

రెండు ఎర్రర్లు ఒకటి కాదు

మెషిన్ చెడిన స్థితిలోనే దొరికింది నాకు. అదృష్టమనే అనాలి. ఏమీ మార్చకుండా బయోస్ తెరిచి ఉన్నదున్నట్టు ఫోన్‌లో ఫొటోలు తీసుకున్నాను. బూట్ మోడ్, అంటే విండోస్‌ను వెతికి లేపే పద్ధతి, యూఈఎఫ్ఐ (ఇది కొత్తది, పాతదాని పేరు లెగసీ). సాటా ఆపరేషన్, అంటే బోర్డు డిస్కుతో మాట్లాడే పద్ధతి, రెయిడ్ (ఇంకొకటి ఏఎహెచ్‌సీఐ). ఎస్‌ఎస్‌డీ పేరు, సైజు సరిగ్గానే కనిపిస్తున్నాయి. అంటే డిస్క్ బతికే ఉంది.

ఇంకేం ముట్టుకోకముందే ఎస్‌ఎస్‌డీ బయటికి తీసి, యూఎస్‌బీ ఎన్‌క్లోజర్‌తో నా ల్యాప్‌టాప్‌కు కలిపి పూర్తి ఇమేజ్ (డిస్కు మొత్తం నకలు) తీసుకున్నాను. ఏళ్ల తరబడి తూకాల లెక్కంతా అందులో ఒకే ఫైలులో ఉంది. ఆ ఇమేజ్ చేతిలో లేకుండా ముందుకు కదిలే ధైర్యం నాకు లేదు. పనిలో పనిగా డిస్క్‌పార్ట్‌లో (విండోస్‌లోని డిస్కుల టూల్) డిస్కుల లిస్టు చూస్తే జీపీటీ కాలమ్ కింద నక్షత్రం గుర్తు లేదు. ఎంబీఆర్ డిస్క్ అన్నమాట (డిస్కును ఎలా ముక్కలు చేశారో రాసుకునే పద్ధతుల్లో జీపీటీ కొత్తది, ఎంబీఆర్ పాతది).

నల్ల స్క్రీన్ ఎందుకో అక్కడే తేలిపోయింది. యూఈఎఫ్ఐ మోడ్‌లో ఫర్మ్‌వేర్ ఈఎఫ్ఐ పార్టిషన్ (బూట్ కోసం విడిగా పెట్టిన డిస్కు ముక్క) కోసం, అందులోని బూట్ ఫైలు కోసం చూస్తుంది. పాత కంప్యూటర్ లెగసీ మోడ్‌లో నడిచింది, దాని నుంచి క్లోన్ అయిన ఈ డిస్కులో అలాంటి పార్టిషనే లేదు. కాబట్టి బూట్ డివైస్ లేదంటుంది. విండోస్‌కు ఏమీ కాలేదు, అసలు దాని వరకు కథ వెళ్లనే లేదు.

ఎస్‌ఎస్‌డీ తిరిగి పెట్టి, బూట్ మోడ్ ఒక్కటే లెగసీకి మార్చాను. రెండూ ఒకేసారి మార్చి ఉంటే మెషిన్ లేచేది, నాకు మాత్రం ఏమీ తెలిసేది కాదు. ఈసారి విండోస్ లోగో వచ్చి, చుక్కలు తిరిగి, ఇన్‌యాక్సెసబుల్ బూట్ డివైస్ అని నీలం స్క్రీన్ పడింది. ఇది వేరే చోట తగిలిన దెబ్బ. బూట్ లోడర్ దొరికింది, కెర్నెల్ (విండోస్ మూల భాగం) లేచింది, లేచాక తన డిస్కే తనకు కనిపించలేదు. డిస్కును నడిపే కంట్రోలర్ రెయిడ్ మోడ్‌లో ఉంది. ఈ విండోస్ ఏఎహెచ్‌సీఐ డ్రైవర్‌తో లేవడానికి అలవాటుపడింది. రెయిడ్‌కు కావలసిన డ్రైవర్ ఫైలు విండోస్ 10లో ఉన్నా, అవసరం లేదనుకుని బూట్ సమయంలో దాన్ని లోడ్ చేసుకోదు.

మన సర్వీసు షాపుల్లో ఈ రెండు స్క్రీన్లకూ ఒకే మాట చెబుతాం, విండోస్ పోయిందని. మొదటిది ఫర్మ్‌వేర్ చెప్పే మాట, రెండోది విండోస్ చెప్పే మాట. ఆ తేడా పట్టుకుంటే ఫార్మాట్ ఆలోచనే రాదు. ఇంతకు ముందు వచ్చినవాళ్లకు ఒకసారి నలుపు, ఒకసారి నీలం ఎందుకు కనిపించిందో కూడా దీంతో అర్థమైంది. ఎవరో ఒక సెట్టింగు మార్చి రెండోది తెలియక వదిలేసిన రోజు నీలం.

సాటాను ఏఎహెచ్‌సీఐకి మార్చాక మెషిన్ మామూలుగా లేచింది, ఇండికేటర్ అంకె స్క్రీన్ మీదకు వచ్చింది. తేదీ మాత్రం 2016లోనే ఉంది. నెట్ ఉన్నా అది తనంతట తాను సరికాలేదు. డొమైన్‌లో (కంపెనీ నెట్‌వర్క్‌లో) లేని మెషిన్‌లో విండోస్ టైమ్ సర్వీసు 15 గంటలకు మించిన తేడాను దిద్దదు. అంత తేడా వస్తే ఏదో తేడాగా ఉందని చేతులు ముడుచుకుంటుంది. ఆపరేటర్లు చేత్తో మార్చే వరకు చీటీల మీద పాత తేదీ పడింది అందుకే. బ్రౌజర్‌లో ప్రతి సైటూ సర్టిఫికెట్ ఎర్రర్ ఇస్తోందని వాళ్లు పడ్డ టెన్షన్‌కూ కారణం అదే.

సెల్‌తో ఆపేయొచ్చా

మల్టీమీటర్ పెడితే సెల్‌లో ఒక వోల్టు కూడా లేదు. ఉండాల్సింది 3. కొత్త సీఆర్2032 వేసి, ప్లగ్ పీకి, పవర్ బటన్ నొక్కిపట్టి మిగిలిన చార్జ్ అంతా పోనిచ్చి, కాసేపు వదిలేసి మళ్లీ పెట్టాను. సెట్టింగులు, గడియారం రెండూ నిలిచాయి. యజమాని సంతోషపడ్డాడు. యాభై రూపాయల్లోపు సెల్ కోసం ఇన్నాళ్లూ ఎంత ఖర్చు పెట్టానో అని నవ్వాడు.

అక్కడితో ఆపి బిల్లు రాసుకోవచ్చు, చాలామంది ఆపుతారు. నాకు మనసొప్పలేదు. సెల్ మళ్లీ ఏదో ఒక రోజు ఖాళీ అవుతుంది, ఆ రోజు అక్కడ నేనుండను. అంతెందుకు, రేపు ఎవరైనా ఇంకేదో పని మీద బయోస్‌లోకి వెళ్లి లోడ్ డిఫాల్ట్స్ నొక్కినా ఇదే గోల. ఫర్మ్‌వేర్ ఎప్పుడు భయపడ్డా డిఫాల్ట్‌కే పరుగెత్తుతుంది. ఆ డిఫాల్ట్‌ను మనం మార్చలేం. కాబట్టి విండోస్‌నే ఆ డిఫాల్ట్‌కు అలవాటు చేయాలి. అప్పుడు సెట్టింగులు ఎన్నిసార్లు పోయినా లారీ ఆగదు.

దీని మీద నా తోటి టెక్నీషియన్ ఒకరితో వాదన జరిగింది. ఒకే ఎస్‌ఎస్‌డీ ఉన్న మెషిన్‌కు రెయిడ్ మోడ్ ఏంటికి, ఏఎహెచ్‌సీఐయే సులువు, రికవరీకీ మంచిది అన్నాడు. మామూలుగా నేనూ అదే చెబుతాను. కానీ ఇక్కడ ప్రశ్న ఏది మంచి మోడ్ అన్నది కాదు, రీసెట్ అయితే ఏ మోడ్ మిగులుతుందన్నది. ఒంటరి డిస్క్‌తో రెయిడ్ మోడ్‌లో పెట్టినా అది మామూలు డిస్కులాగే పనిచేస్తుంది, చీటీలు తీసే పనిలో తేడా ఏమీ తెలియదు.

విండోస్ 11 వేసేయొచ్చు కదా అని యజమాని అడిగాడు. అది అధికారికంగా, కొన్ని మినహాయింపులు తప్ప, ఇంటెల్ 8వ తరం నుంచే ఒప్పుకుంటుంది, ఈ మెషిన్ 6వ తరం. పైగా అప్పుడు బెంగళూరు చార్జీ ఎలాగూ తప్పదు. విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసిపోయే వ్యవహారం, ఆ మెషిన్‌ను నెట్‌లో ఎంత వరకు ఉంచాలి అన్నవి విడిగా మాట్లాడుకున్నాం.

మార్పిడి

పని తర్వాతి అమావాస్యకు పెట్టుకున్నాం. కాటాకు ఎలాగూ సెలవు. పూజ అయ్యాక మెయిన్ దించొద్దని మాత్రం ముందే చెప్పాను.

ముందు సాటా, తర్వాత పార్టిషన్ టేబుల్ అని అనుకున్నాను. సాటా మార్పు చెడితే బయోస్‌లో ఒక్క సెట్టింగుతో వెనక్కి వస్తాం. పార్టిషన్ టేబుల్ మారిస్తే వెనక్కి రావాలంటే ఇమేజే దిక్కు. తేలిగ్గా వెనక్కి రాగలిగేదాన్ని ముందు చేస్తే, దారిలో ఏదైనా తేడా వచ్చినా అనుమానం ఒక్కదాని మీదే ఉంటుంది.

సాటా మార్పుకు కిటుకు సేఫ్ మోడ్, అంటే రిపేరు కోసం విండోస్‌ను లేపే పద్ధతి. ఎంఎస్‌కాన్ఫిగ్‌లో బూట్ ట్యాబ్ కింద సేఫ్ బూట్ టిక్ చేసి రీస్టార్ట్ చేయాలి. విండోస్ లేవకముందే బయోస్‌లోకి వెళ్లి రెయిడ్‌కు మార్చాలి. సేఫ్ మోడ్‌లో విండోస్ మామూలుగా పక్కన పెట్టే డిస్క్ డ్రైవర్లను కూడా లోడ్ చేస్తుంది, కొత్త కంట్రోలర్‌ను గుర్తుపడుతుంది. తర్వాత టిక్ తీసేసి రీస్టార్ట్ చేస్తే మామూలుగా లేస్తుంది. ముందు చూసుకోవాల్సింది ఒకటుంది. సేఫ్ మోడ్‌లో పిన్‌తో లాగిన్ చాలాసార్లు పనిచేయదు. అడ్మిన్ అకౌంట్ పాస్‌వర్డ్ తెలిసి ఉండాలి. ఇక్కడ ఆ పాస్‌వర్డ్ తెలిసినది గుమాస్తాకే, ఆయన సెలవు రోజున ఊరికి పోయి ఉన్నాడు. ఫోన్‌లో దొరికాడు.

రెండో పని ఎంబీఆర్2జీపీటీ. విండోస్ 10లో 1703 వెర్షన్ నుంచి ఈ టూల్ విండోస్‌తోనే వస్తోంది, డేటా చెరపకుండా ఎంబీఆర్ డిస్కును జీపీటీకి మారుస్తుంది. మార్చే ముందు వ్యాలిడేట్ అనే ఆప్షన్‌తో ఒకసారి తనిఖీ చేయించాలి. ఆ తనిఖీ ఫెయిల్ అయింది. డిస్కులో సిస్టమ్ రిజర్వ్‌డ్, సీ, డీ, ఈ, మొత్తం నాలుగు ప్రైమరీ పార్టిషన్లు ఉన్నాయి. ఈ టూల్ ఎంబీఆర్‌లో మూడు ప్రైమరీలకు మించి ఒప్పుకోదు, లాజికల్ పార్టిషన్లు ఉన్నా ఒప్పుకోదు. మన దగ్గర ఇంకా కస్టమర్‌కు సీ, డీ, ఈ కనిపించకపోతే డిస్క్ తక్కువ ఇచ్చారనుకుంటాడు, అందుకని చిన్న ఎస్‌ఎస్‌డీని కూడా మూడు ముక్కలు చేస్తారు. ఈ (E) డ్రైవ్‌లో పాటలు, ఎవరి పెళ్లిదో వీడియో, పాత చీటీల బ్యాకప్ ఉన్నాయి. అన్నీ ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోకి, అవసరమైనవి డీలోకి ఎక్కించి, ఆ E పార్టిషన్ తీసేశాను. ఈసారి తనిఖీ పాసైంది. విండోస్ నడుస్తుండగానే మార్చడానికి అలౌ ఫుల్ ఓఎస్ అనే ఆప్షన్ కూడా ఇవ్వాలి.

మార్పిడి పూర్తయ్యాక మళ్లీ లెగసీలో బూట్ చేయడానికి వీల్లేదు. రీస్టార్ట్‌లోనే బయోస్‌కు వెళ్లి యూఈఎఫ్ఐకి మార్చాను. లేచింది. ఈఎఫ్ఐ పార్టిషన్‌కు తాత్కాలికంగా డ్రైవ్ లెటర్ ఇచ్చి, బూట్ ఫోల్డర్‌లో బూట్ఎక్స్64 ఫైలు ఉందో లేదో చూశాను. బయోస్ రీసెట్‌లో విండోస్ బూట్ మేనేజర్ ఎంట్రీ చెరిగిపోయినా ఫర్మ్‌వేర్ చివరికి వెతికేది ఆ ఫైలు కోసమే. ఉంది.

అసలు పరీక్ష ఇప్పుడు. బయోస్‌లో లోడ్ డిఫాల్ట్స్ నొక్కి, ఇంకేమీ ముట్టకుండా సేవ్ చేశాను. ఇన్నాళ్లూ ఆ మెషిన్‌ను పడగొట్టింది సరిగ్గా అదే. విండోస్ దానంతట అదే లేచింది. తర్వాత సెల్ తీసేసి, ప్లగ్ పీకి, మళ్లీ పెట్టి చూశాం. తేదీ వెనక్కి పోయింది, బూట్ మాత్రం అయింది. డిఫాల్ట్‌లో సెక్యూర్ బూట్ (సంతకం లేని బూట్ ప్రోగ్రాములను ఆపే సెట్టింగు) ఆన్ అయింది, పాత డాంగిల్ డ్రైవర్ దానికి ఒప్పుకుంటుందో లేదో అని కాస్త టెన్షన్ పడ్డాను. డాంగిల్ లైటు వెలిగింది, సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది, కామ్1 (సీరియల్ పోర్టు) మీద తూకం వచ్చింది. ఖాళీ లారీ ఒకటి ఎక్కించి, దింపి, చీటీ తీసి చూశాకే సెల్ మళ్లీ బిగించాను.

మిగిలినవి, నేర్చుకున్నవి

డిఫాల్ట్‌తో సరిపెట్టలేనిది ఒక్కటే మిగిలింది. కరెంటు వచ్చాక మెషిన్ తనంతట తాను ఆన్ కావాలన్నది యజమాని కోరిక. డిఫాల్ట్‌లో అది ఆఫ్. ఆన్ చేసి ఇచ్చాను. అది పోయినా నష్టం పవర్ బటన్ ఒకసారి నొక్కడమే, కాబట్టి దాన్ని వదిలేయొచ్చు. ఏ సెట్టింగు ఏ విలువలో ఉండాలో, సెల్ ఎప్పుడు మార్చామో ఒక కాగితం మీద రాసి క్యాబినెట్ మూతకు లోపలి వైపు అంటించాను. తర్వాత వచ్చే టెక్నీషియన్ మూత తీయకుండా ఉండడు.

అప్పటి నుంచి నా షాపులో ఒక పద్ధతి పెట్టుకున్నాను. బూట్ కావడం లేదని వచ్చిన ఏ మెషిన్‌కైనా విండోస్ పెన్‌డ్రైవ్ పెట్టకముందు బయోస్‌లో తేదీ చూడాలి. తేదీ తప్పుంటే అక్కడి సెట్టింగులేవీ కస్టమర్‌వి కావని అనుకోవాలి. క్లోన్ చేసి ఇచ్చిన మెషిన్‌ను డెలివరీకి ముందు ఒకసారి డిఫాల్ట్స్ లోడ్ చేసి చూడాలి. లేవకపోతే పని సగమే అయినట్టు. మా కుర్రాళ్లు మొదట్లో విసుక్కున్నారు, ఒక్కో మెషిన్‌కు అదనంగా టైమ్ పడుతుందని. వెనక్కి వచ్చే మెషిన్లు తగ్గాక విసుగు తగ్గింది.

ఈ కేసులో చేసినవి కొత్త ల్యాప్‌టాప్‌ల మీద ఇలాగే చేయొద్దు. ఇది పాత మెషిన్, ఎన్‌క్రిప్షన్ (డేటాకు వేసే తాళం) లేదు. విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే డిస్క్ ఎన్‌క్రిప్షన్ యజమానికి తెలియకుండానే ఆన్ అయి ఉండొచ్చు. అలాంటిదాంట్లో సెక్యూర్ బూట్ మార్చినా, టీపీఎం (తాళం కీ దాచే చిప్) క్లియర్ చేసినా, కొన్నిసార్లు బయోస్ అప్‌డేట్ చేసినా బిట్‌లాకర్ (విండోస్‌లోని ఆ ఎన్‌క్రిప్షన్) 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. కీ లేకపోతే డేటా మీద ఆశ వదులుకోవాల్సిందే. ముందు కస్టమర్ చేత మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిపించి, కీ అక్కడ ఉందో లేదో కళ్లతో చూసి, బిట్‌లాకర్‌ను సస్పెండ్ చేసి, అప్పుడే ఎఫ్2 మీద చెయ్యి వేయాలి. ఇంటెల్ 11వ తరం నుంచి వచ్చే చాలా ల్యాప్‌టాప్‌లలో ఈ రెయిడ్ స్థానంలో వీఎండీ అనే ఇంటెల్ డిస్క్ సెట్టింగు ఉంటుంది. విండోస్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డిస్కే కనిపించకపోతే ముందు అనుమానించాల్సింది దాన్నే. అక్కడ వీఎండీ ఆఫ్ చేసి ఇన్‌స్టాల్ చేసి ఇవ్వడం అలవాటైపోయింది. ఆ మెషిన్ డిఫాల్ట్ ఆన్ అయితే, రీసెట్ అయినప్పుడు మళ్లీ ఇదే గోల కాబట్టి, ఆఫ్ చేయకుండా కంపెనీ సైటు నుంచి డ్రైవర్ తెచ్చి ఇన్‌స్టాలర్‌లో లోడ్ డ్రైవర్ దగ్గర ఇవ్వండి.